మాటలు కాదు, మాదిరి కావాలి!

అడ్డతీగల అనగానే చాలామందికి అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు. 1922 అక్టోబర్‌లో ఆయన తన అనుచరులతో ఆ ఊరి పోలీస్ స్టేషన్ మీదికి వెళ్లారు. నూరేళ్లు దాటినా మన్యం ఆయన్ను మరచిపోలేదు. ఆయన పుట్టింది మన్యంలో కాదు, మైదానంలో. అయినా కొండలెక్కి వచ్చి అక్కడి వాళ్ల మధ్యే ఉన్నాడు, వాళ్ల తిండి తిన్నాడు, వాళ్ల కష్టం తన కష్టమనుకున్నాడు. జనం ఒక మనిషిని తమవాడని ఎప్పుడు అనుకుంటారో చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు నేల మీద మరోచోట, ఆయుధం పట్టకుండా, తనది కాని భాష నేర్చుకుని, తనవాళ్లు కాని జనం మధ్య జీవితం ధారపోస్తున్న మరొక వ్యక్తి ఉన్నారు. ఆయన దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తెలుగు క్రైస్తవుల్లో ఆయన పేరు విననివారు తక్కువ. ఆయన ఎలా బతికారో తెలిసినవారు కూడా తక్కువే!

ఆయన్ను ఇప్పుడు తలచుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ రోజు మన సంఘాల్లో బోధకు కరువు లేదు. కొండమీది గూడెంలోని కుర్రాడి చేతిలో కూడా ఫోన్ ఉంది. వేదికలు, వెలుగులు, వేలాది జనం, ఉరిమే ప్రసంగాలు అన్నీ ఆ చిన్న తెర మీదికే వస్తున్నాయి. అయితే ఆ ప్రసంగీకుడు ఇంట్లో భార్యతో ఎలా మాట్లాడతాడు, అప్పు తీరుస్తాడా ఎగ్గొడతాడా, తనకన్నా తక్కువవాడని లోకం అనుకునే మనిషి పక్కన కూర్చుని భోంచేస్తాడా అన్నది తెర మీద కనిపించదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వాడికి కావలసింది మాత్రం సరిగ్గా అదే! కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం ఆరంభంలో పౌలు తాను క్రీస్తును పోలి నడుచుకుంటున్నట్టే తనను పోలి నడుచుకోమని సంఘాన్ని కోరాడు. హెబ్రీ పత్రిక పదమూడో అధ్యాయం కూడా నాయకుల బోధను తలచుకుని ఊరుకోకుండా, వారి జీవితం ఎలా ముగిసిందో గమనించి వారి విశ్వాసాన్ని అనుసరించమంటుంది. అంటే మాదిరిని ఎంచుకోవడం విశ్వాసికి ఇష్టముంటే చేసే పని కాదు, లేఖనం అప్పగించిన బాధ్యత.

అడ్డాకుల తీగను మన్యంలో చూడనివారు ఉండరు. అది తనంతట తాను నిలబడలేదు. దేన్ని పట్టుకుంటే దానంత ఎత్తుకు వెళుతుంది. మహావృక్షం దొరికితే కొమ్మల చివరిదాకా పాకుతుంది, తుప్ప దొరికితే అక్కడే ఆగుతుంది. విశ్వాసి సంగతీ అంతే. మరి అజరయ్య ఎవరిని పట్టుకుని ఎదిగారు? ఆయన్ను పట్టుకుని ఎవరు ఎదిగారు?

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్లాలన్‌విళై అనే గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం హిందూ కుటుంబం నుంచి క్రీస్తును నమ్ముకుని, తరువాత పల్లెటూరి సంఘ కాపరి అయిన మనిషి. తల్లి ఎలెన్. మగబిడ్డ కోసం ఆ దంపతులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. హన్నాలా ప్రార్థించి కన్న బిడ్డ కాబట్టి శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. తండ్రి 1889లో ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు. ఆ తరువాత పెంపకం భారమంతా తల్లిదే. ప్రార్థనలోనూ క్రమశిక్షణలోనూ ఆమె రాజీపడని మనిషి. అజరయ్యకు దొరికిన మొదటి మాదిరి ఆ పల్లెటూరి ఇల్లు. ఆ ఇంట్లో డబ్బు ఎక్కువ లేదు గానీ దేవుని భయం పుష్కలంగా ఉంది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. పరీక్షల సమయంలో జబ్బుపడటంతో పట్టా చేతికి రాలేదు. మళ్లీ రాసి పట్టా తెచ్చుకుని మంచి ఉద్యోగం చూసుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. 1895లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, యువకుల మధ్య సేవచేసే వైఎంసీఏలో కార్యదర్శిగా చేరారు. అక్కడే అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ పరిచయమయ్యారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోవడమే వింత అయిన ఆ రోజుల్లో వారిద్దరూ కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు, ఒకరి తప్పు ఒకరు దిద్దుకున్నారు. స్నేహం అంటే ఏమిటో అజరయ్యకు అక్కడ తెలిసింది. తరువాత ప్రపంచ వేదిక మీద ఆయన నోరు విప్పింది కూడా స్నేహం గురించే.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం ఆమెది. కట్నం లేదు, ఆడంబరం లేదు. పెళ్లికి అప్పుచేసి జీవితమంతా వడ్డీ కట్టే మన కుటుంబాలు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగినా చాలు!

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ప్రయాణం అది. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యలో కొద్దిమంది. అయినా సొంత డబ్బుతో సముద్రం ఇవతలికి, మన దేశానికి, సువార్త సేవకులను పంపుతున్నారు. తిరునెల్వేలి సంఘాలు వాటికన్నా ఎంతో పెద్దవి, పాతవి. అయినా అలాంటి పనికి అవి సొంతంగా పూనుకోలేదు. ఆ చిన్న సంఘం మాదిరి ఆయన నిద్ర చెరిపింది. తిరిగి వచ్చి ఊరుకోలేదు. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం ఏర్పడటానికి కారకుడయ్యారు. భారతీయుల డబ్బు, భారతీయుల నిర్వహణ, భారతీయ సేవకులు అన్నది దాని నియమం. 1905 డిసెంబర్ 25న శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం పుట్టుకలోనూ ఆయన చేయి ఉంది. మంచి మాదిరిని చూసి చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయేవారే ఎక్కువ. దాన్ని చూసి సిగ్గుపడి, లేచి నడిచేవారు అరుదు.

తిరునెల్వేలి సంఘం తన సేవకులను పంపడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. ఈనాటి తెలంగాణలో, మహబూబాబాద్ జిల్లాలో ఉన్న దోర్నకల్ అప్పటికి అడవి అంచున ఉన్న చిన్న రైల్వే జంక్షన్. సంఘ కార్యదర్శిగా అజరయ్య ఇతరులను వెళ్లమని పిలుస్తూ ఉన్నారు. పిలుస్తూ ఉండగానే ఒక ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. తాను వెళ్లకుండా పక్కవాణ్ణి వెళ్లమనడం ఏ పాటి న్యాయం? దేశమంతా తిరిగే గౌరవమైన పని వదిలేశారు. 1909లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ చేత అభిషేకం పొంది, భార్యాపిల్లలతో దోర్నకల్ చేరారు. మొదట్లో గుడారమే ఇల్లు. వయసు ముప్పై ఐదు. ఆ వయసులో అక్షరాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నారు. ఎవరి మధ్య? లోకం ఊరి బయట ఉంచిన మాల, మాదిగ కూలీల మధ్య. దొరల పొలాల్లో వెట్టిచాకిరీ చేసి, అప్పుల్లో పుట్టి అప్పుల్లో చచ్చే మనుషుల మధ్య!

1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధుల్లో ఆసియా వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అక్కడ అజరయ్య మిషనరీల త్యాగాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. ఆ వెంటనే, వారు ఆస్తినీ దేహాన్నీ ఇచ్చారు గానీ భారతీయ సోదరుణ్ణి సమానుడిగా దగ్గరికి తీసుకోలేదని, తమకు ఇప్పుడు కావలసింది స్నేహమని తేల్చిచెప్పారు. సభలో కలకలం రేగింది. కొందరికి కోపం వచ్చింది. ఆయన ఎవరినీ తిట్టలేదు, అబద్ధం చెప్పలేదు, భయపడనూ లేదు. పెద్దల ముందు సత్యాన్ని ప్రేమతో చెప్పడం కూడా మాదిరే. మన సంఘాల్లో అయితే నాయకుడి ముందు పొగడ్త, వెనక చాడీ! మధ్యలో ఉండాల్సిన నిజం ఎక్కడో తప్పిపోతుంది.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. ఆ నియామకం అంత సులువుగా జరగలేదు. భారతీయుడి కింద పనిచేయడానికి కొందరు తెల్ల మిషనరీలకు మనసొప్పలేదు. విచారకరమైన సంగతి ఏమిటంటే, సొంత ప్రాంతపు క్రైస్తవుల్లోనూ కొందరు అడ్డుపడ్డారు. బయటివాడి గర్వం, ఇంటివాడి అసూయ రెండూ ఆయనకు ఎదురయ్యాయి. ఆయన రెంటికీ జవాబు మాటలతో ఇవ్వలేదు. తరువాతి ముప్పై రెండేళ్ల సేవే ఆయన జవాబు.

ఆ సేవ ఎలా సాగింది? ఏడాదిలో ఎక్కువ భాగం ఎడ్లబండి మీదో, సైకిల్ మీదో, కాలినడకనో పల్లెలు తిరగడం. చెట్టు కింద ఆరాధన, బాప్తిస్మాలు, తగవుల పరిష్కారం. తెలుగు కీర్తనలను, భజనలను, కథాకాలక్షేపాన్ని ఆరాధనలోకి ఆహ్వానించారు. పల్లెల్లో ఉపదేశకులను తయారుచేయడానికి దోర్నకల్‌లో శిక్షణ ఏర్పాటు చేశారు. అక్కడ పుస్తకంతోపాటు పార కూడా పట్టుకోవాలి. చదువుకున్నవాడు ఒళ్లు వంచకూడదన్న దురభిమానం సేవకుడికి ఉండకూడదన్నది ఆయన పట్టుదల. అన్బు అమ్మగారు ఆ శిక్షణార్థుల భార్యలకు చదువు చెప్పారు. పల్లెకు వెళ్లేది ఉపదేశకుడు ఒక్కడే కాదు, ఒక కుటుంబం. ఊరు చూసి నేర్చుకునేది ఆ కుటుంబాన్నే అని ఆ దంపతులకు తెలుసు.

బాప్తిస్మం పొందినవారి చేత, తాను బాప్తిస్మం పొందినవాణ్ణనీ సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అనీ తలమీద చేయి పెట్టించి ఒప్పించేవారు. ఏటా ఒక వారంపాటు సామాన్య విశ్వాసులే పొరుగూళ్లకు సాక్ష్యానికి వెళ్లేవారు. కూలి డబ్బులు కూడా సరిగా చేతికి రాని ఆ పేదలకు ఇవ్వడం నేర్పారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రతిసారీ గృహిణి ఒక పిడికెడు దేవుని కోసం వేరే కుండలో వేసేది. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు మందిరానికి వచ్చేవి. పేదవాణ్ణి తీసుకునేవాడిగానే చూడటం అతన్ని అవమానించడమే. ఇవ్వగలిగినవాడిగా నిలబెట్టడమే అతనికి నిజమైన గౌరవం. క్రైస్తవుని కానుకల గురించి అజరయ్య రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది. దాని వెనక ఉన్నది ఈ పిడికెడు బియ్యమే.

రెండు విషయాల్లో ఆయన చాలా కఠినంగా ఉండేవారు. ఒకటి తాగుడు, రెండోది కులం. మాలలు, మాదిగలు ఒకే ప్రభువు బల్ల దగ్గరికి రావడానికి సంకోచించిన చోట ఆయన వెనక్కి తగ్గలేదు. సంఘం పెరిగినా పెరగకపోయినా కులానికి మందిరంలో పీట వేసేది లేదన్నది ఆయన నిలకడ. మరి సంఘం తగ్గిందా? లేదు. 1920 తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా కలిసి దోర్నకల్ అధ్యక్ష మండలం ఎంతో విస్తరించింది. 1930ల నడిమికి అందులో రెండు లక్షలకు పైగా విశ్వాసులున్నారు.

ఆ పెరుగుదలలో మనం మరీ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1920లు, 30లలో కాపులు, వడ్డెరలు, ఎరుకలవారు, ఇంకా అనేక కులాలవారు క్రీస్తు వైపు తిరగసాగారు. వాళ్లను కదిలించింది ఏ గొప్ప ప్రసంగీకుడో కాదు. తమ పొలాల్లో పనిచేసే కూలీలు తాగుడు మానడం, శుభ్రంగా ఉండటం, దొంగతనం వదలడం, పిల్లల్ని బడికి పంపడం, తిట్టినా తిరిగి తిట్టకపోవడం వాళ్లు రోజూ కళ్లారా చూశారు. ఈ మార్పు ఎక్కడిదని అడిగారు. బిషప్ తన జీవితంతో పల్లె ఉపదేశకుడికి మాదిరి అయ్యాడు. ఉపదేశకుడు కూలీకి మాదిరి అయ్యాడు. కూలీ తన యజమానికే మాదిరి అయ్యాడు! లోకం మెట్లు పైనుంచి కిందికి లెక్కపెడుతుంది. దేవుని రాజ్యంలో లెక్క తలకిందులుగా ఉంటుంది.

కొండల్లో ఉన్నవారికి ఈ చరిత్రలో సొంత పుట కూడా ఉంది. భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలో, గోదావరి పనుల కోసం వచ్చిన హేగ్ అనే ఇంజనీరు 1860ల ప్రాంతంలో కోయల మధ్య సువార్త పనికి నాంది పలికారు. ఆ పనిని భుజాన వేసుకున్నది ఆయన దగ్గర ఉద్యోగం చేస్తూ ప్రభువును నమ్ముకున్న వెంకటరామరాజు. ఇద్దరూ వృత్తిరీత్యా బోధకులు కారు. ఒకరు కాలువలు తవ్వించే అధికారి, మరొకరు సరుకుల లెక్కలు చూసే ఉద్యోగి. ఆ దుమ్ముగూడెం సంఘాలు తరువాత దోర్నకల్ అధ్యక్ష మండలంలో భాగమయ్యాయి. అక్కడి కోయలకు సువార్త ఉద్యోగస్తుల నడవడి ద్వారా చేరిందన్నమాట. ఇవాళ మన్యంలో పనిచేసే టీచర్లు, నర్సులు, ఫారెస్టు ఉద్యోగులు, బ్యాంకు సిబ్బందిలో ఉన్న విశ్వాసులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. చింతపండు తూకంలో మోసం చేయని క్రైస్తవ వ్యాపారి ఒక్కడున్నా సంతలో సువార్త ఉన్నట్టే!

అజరయ్య దేశభక్తుడు కూడా. చట్టసభల్లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, అవి మనల్ని తోటి భారతీయుల నుంచి వేరుచేస్తాయని ఆయన వాదించారు. సొంత వర్గానికి లాభం వస్తుంటే వద్దనడం తేలిక కాదు. మరోవైపు దళితుల సామూహిక మతమార్పిడులను గాంధీజీ తప్పుపట్టినప్పుడు, ఆయన మీద గౌరవం చెక్కుచెదరకుండానే విభేదించారు. పేదవాడికి కూడా తన విశ్వాసాన్ని తాను ఎంచుకునే మనసు, హక్కు ఉన్నాయన్నది ఆయన నమ్మకం. పగ పెంచుకోకుండా విభేదించడం ఎలాగో ఈ తరం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

దోర్నకల్ కెథడ్రల్‌ను చూసినవారికి ఆయన మనసు అర్థమవుతుంది. కట్టడానికి ఏళ్లు పట్టిన ఆ మందిరం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తుచేస్తాయి. రాతి స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి. మధ్యలో సిలువ ఉంటుంది. ఈ నేల మీది అందమంతా ప్రభువు పాదాల దగ్గర చోటు పొందవచ్చని ఆ రాళ్లు చెబుతాయి.

సంఘాల ఐక్యత ఆయన జీవితకాల ప్రార్థన. 1919లో తరంగంబాడిలో కొద్దిమంది సేవకులతో కలిసి ఆ ప్రయత్నానికి పునాది వేశారు. పాతికేళ్లకు పైగా చర్చలు సాగాయి. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ భారత సంఘం, అంటే మన సీఎస్ఐ, 1947 సెప్టెంబర్ 27న ఆవిర్భవించింది. మోషే వాగ్దాన దేశాన్ని దూరం నుంచే చూశాడు. అజరయ్య ఆ కొండ కూడా ఎక్కలేదు, అయినా నడక ఆపలేదు.

ఆయనలో లోపాలు లేవా? ఆరాధన క్రమంలో, అధికార పద్ధతిలో ఆయన ఇంగ్లండ్ సంఘపు ముద్రను వదులుకోలేదని ఆనాటి భారతీయ క్రైస్తవ మేధావులు కొందరు విమర్శించారు. ఆ విమర్శలో కొంత పస ఉంది. అందుకే పౌలు మాటలోని షరతును మరవకూడదు. క్రీస్తును పోలి నడిచినంతమేరకే ఏ మనిషైనా మనకు మాదిరి. నాయకుణ్ణి దేవుణ్ణి చేసిన సంఘాలు ఆ నాయకుడు పడిపోయినప్పుడు తామూ పడిపోయాయి. నాయకుడిలోని క్రీస్తును చూసిన సంఘాలు నిలబడ్డాయి. అలాగని ఎవరూ పరిపూర్ణులు కారు కాబట్టి ఎవరినీ అనుసరించనక్కర్లేదని తప్పించుకోవడం కూడా తప్పే. అది వినయం కాదు, మారడానికి ఇష్టం లేకపోవడం.

మరి ఇప్పుడు మనం ఏం చేయాలి? ముందుగా మన కళ్లముందు ఉన్నవారిని చూడటం నేర్చుకుందాం. పదిళ్ల గూడెంలో ఆదివారం ఆరాధన కోసం వాగు దాటి వచ్చే కాపరి, జబ్బుపడిన పొరుగింటి పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి నడిచే అమ్మ, పోడు పంటలో మొదటి గంప మందిరానికి తెచ్చే తాత... వీళ్ల పేర్లు పోస్టర్ల మీద ఉండవు. అయినా వీళ్లను మన పిల్లలకు వేలుపెట్టి చూపించవచ్చు. వాళ్లు ఎలా బతుకుతున్నారో దగ్గరగా గమనించి, ఒక్క మంచి అలవాటునైనా తెచ్చుకోవచ్చు. ఆ తరువాత మరో సంగతి ఆలోచించాలి. మనల్ని కూడా ఎవరో చూస్తున్నారు. ఇంట్లో పిల్లలు, పనిచోట తోటివారు, నిన్ననే ప్రభువును నమ్ముకున్న పొరుగింటివాడు మన మాట కన్నా మన నడకనే చదువుతున్నారు.

జాఫ్నాలోని ఆ చిన్న సంఘం తాము ఎవరికో మాదిరి అవుతున్నామని అనుకుని ఉండదు. తమ పని తాము నమ్మకంగా చేశారు, అంతే. దాన్ని చూసిన ఒక యువకుడు దోర్నకల్ దాకా నడిచాడు. ఆ నడక వల్ల లక్షలమంది తెలుగువారి జీవితాలు మారాయి. ఈ వారం మన చేతిలో ఉన్న చిన్న పనిని, పిడికెడు బియ్యమంత చిన్నదైనా సరే, ప్రభువు చూస్తున్నాడన్న ఎరుకతో నమ్మకంగా చేద్దాం. దాన్ని చూసి ఎవరు ఎంత దూరం నడుస్తారో ఆయనకు వదిలేద్దాం.